నడుము నొప్పికి కైరోప్రాక్టిక్: పరిశోధనలు ఏం తేల్చాయి?

ప్రశ్న (అనంతపురం):
మా నాన్నగారికి 62 ఏళ్లు. వేరుశనగ చెట్లు పెరికిన నాటి నుంచి, అంటే నాలుగు నెలలుగా, నడుము నొప్పితో బాధపడుతున్నారు. మంచం దిగాలంటే పక్కకు ఒరిగి, మోచేతి మీద బరువు మోపి లేస్తున్నారు. ఎముకల డాక్టరు గారు నరం నొక్కుకోలేదని చెప్పి మాత్రలూ వ్యాయామాలూ రాశారు. మాత్రలు అయిపోయాయి, వ్యాయామాల కాగితం బీరువాలో భద్రంగా ఉంది. బెంగళూరులో ఉన్న తమ్ముడు కైరోప్రాక్టర్‌కు, అంటే వెన్నును చేత్తో సర్ది నొప్పి తగ్గించే చికిత్స చేసేవారికి, చూపిద్దామంటున్నాడు. దీని మీద నికరమైన పరిశోధన ఉందా?

జవాబు (కర్నూలు):
నేను ఫిజియోథెరపిస్టును కనుక నా మాటను కాస్త తరుగు తీసి వినండి. పరిశోధన ఉంది. 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 26 ప్రయోగాలను పరిశీలించి, కొత్తగా పట్టిన నడుము నొప్పి వెన్నును చేత్తో సర్దడం వల్ల ఆరు వారాల లోపు వంద పాయింట్ల నొప్పి కొలతలో సుమారు పది పాయింట్లు తగ్గుతుందని తేల్చింది. మీ నాన్నగారిది పాతబడిన నొప్పి, కాబట్టి 2019లో బీఎంజే అనే మరో వైద్య పత్రిక ప్రచురించిన సమీక్షే ఆయనకు దగ్గరగా ఉంటుంది. 47 ప్రయోగాలు, 9,211 మంది రోగుల వివరాలు చూసిన ఆ సమీక్షలో ఈ పద్ధతి వ్యాయామం వంటి సిఫారసు చేసిన చికిత్సలతో సమానంగా పనిచేసిందే తప్ప వాటిని మించలేదు. అమెరికా సైనికులు 750 మందిపై జరిపి 2018లో ప్రకటించిన ప్రయోగంలో, మామూలు వైద్యానికి కైరోప్రాక్టిక్ జోడించినవారికి ఆరు వారాల్లో మరికొంత ఉపశమనం కలిగింది. అయితే వారంతా 18 నుంచి 50 ఏళ్ల వయసువారు.

జవాబు (కడప):
మా ఊళ్లో నడుము పడితే ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తన్నించుకునేవారు. మా మేనమామకు ఆ గిరాకీ బాగా ఉండేది. నేను మాత్రం కైరోప్రాక్టర్ దగ్గరకే మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ నాలుగైదు రోజులు హాయిగా ఉండి, మళ్లీ మొదటికి వచ్చింది. ‘టక్’మనే చప్పుడు ఎముక చోటికి చేరినందుకు కాదు, కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటం వల్ల వస్తుందని అప్పుడే తెలిసింది.

ప్రశ్నించినవారు:
కాగితం బయటకు తీశాను. మెడ కూడా తిప్పుతారట, అది క్షేమమేనా?

జవాబు (కర్నూలు):
మెడ జోలికి రావద్దని ముందే చెప్పండి. మెడను ఒక్కసారిగా మెలిపెట్టినప్పుడు మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు, అరుదుగానైనా, నమోదయ్యాయి. ఆ సంగతి రోగికి ముందుగా తెలియజేయాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే కోరింది. ఆయన వయసుకు ఎముకల గట్టిదనం కూడా చూపించుకోవాలి. కాలు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.