రిపోర్టులో బోర్డర్‌లైన్ అనే పేరు లేదు, జబ్బు మారినట్టా?

మేము హైదరాబాద్‌లో ఉంటాం. మా చెల్లికి ఇంతకుముందు ఒక డాక్టరుగారు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు, సంబంధాలు నిలకడగా లేని వ్యక్తిత్వ సమస్య) అన్నారు, ఇప్పుడు చూస్తున్న మేడమ్ మాత్రం ‘మోడరేట్ పర్సనాలిటీ డిజార్డర్, నెగటివ్ అఫెక్టివిటీ, డిస్ఇన్‌హిబిషన్’ (అంటే మధ్యస్థ తీవ్రత, బాధ, ఆందోళన లాంటి భావాలు ఎక్కువగా రావడం, ఆలోచించకుండా తొందరపడటం) అని రాశారు. నేను చదివినంతలో, 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) పర్సనాలిటీ డిజార్డర్లలో పాత రకాలు తీసేసి, ముందు తీవ్రత ఎంతో చూసి, తర్వాత ఐదు రకాల లక్షణాల్లో ఏవి బలంగా ఉన్నాయో రాస్తారు. బోర్డర్‌లైన్‌ను మాత్రం కావాలంటే అదనంగా చేర్చుకోవచ్చు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం పుస్తకమైన డీఎస్ఎం-5లో పాత పది రకాలూ అలాగే ఉన్నాయి, ఇలాంటి పద్ధతిని ప్రత్యామ్నాయంగా వేరే భాగంలో పెట్టారు.

నాకైతే కొత్త పద్ధతే నచ్చింది. బీపీలాగా ఎంత ఉందో చెబుతుంది, మనిషికి ముద్ర వేయదు. కానీ జబ్బు ముదిరిందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్.

ఇది అదే సమస్యను ఇంకోలా చెప్పడమేనా? ఇప్పుడు నడుస్తున్న డీబీటీ థెరపీ (ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే మాటల చికిత్స) మార్చాల్సి వస్తుందా? ఈ లక్షణాలు కొలిచే పీఐడీ-5 అనే ప్రశ్నావళిలో 220 ప్రశ్నలుంటాయి, చెల్లికి తన మనసులో మాట ఇంగ్లీషులో చెప్పడం కష్టం, కాబట్టి ఎర్రగడ్డ ఆసుపత్రిలో గానీ ఇంకెక్కడైనా గానీ తెలుగులో ఓపిగ్గా అడిగి చూసే క్లినికల్ సైకాలజిస్టులు ఉంటే దయచేసి చెప్పండి.