యూరి మిల్నర్, అర్కాదీ వోలోజ్: పెట్టుబడి ఎవరి సొమ్మో అడగాల్సిందేనా?

తుంగభద్ర

రష్యా నుంచి వచ్చిన టెక్నాలజీ వ్యాపారవేత్తల మీద రెండు రకాల రాతలే ఎక్కువగా చదివాను. ఒక రకం వాళ్లను మేధావులని ఆకాశానికి ఎత్తుతుంది. రెండో రకం అందరినీ క్రెమ్లిన్ మనుషులని తేల్చేస్తుంది. నా ప్రశ్న ఈ రెండింటికీ చెందదు. ఒక పెట్టుబడి సంస్థ కోట్ల డాలర్లు పట్టుకుని వచ్చినప్పుడు, ఆ సొమ్ము వెనుక ఎవరున్నారని తీసుకునే కంపెనీ అడగాలా, వద్దా? అడగాలన్నదే నా మాట.

యూరి మిల్నర్ సంగతే తీసుకుందాం. మాస్కో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, లెబెదెవ్ సంస్థలో పరిశోధన చేసి, వార్టన్‌లో మేనేజ్‌మెంట్ చదువుకుని వ్యాపారంలోకి వచ్చిన మనిషి. 2009 మేలో ఆయన సంస్థ డీఎస్టీ 20 కోట్ల డాలర్లు పెట్టి ఫేస్‌బుక్‌లో 1.96 శాతం వాటా కొన్నది. 2011లో ట్విటర్‌లోనూ పెట్టుబడి పెట్టింది. ట్విటర్‌లోకి వెళ్లిన సొమ్ములో 19 కోట్ల డాలర్లకు పైగా రష్యా ప్రభుత్వ బ్యాంకు వీటీబీదని 2017 నవంబరులో పారడైజ్ పేపర్స్ అనే రహస్య ఆర్థిక పత్రాలు వెలుగులోకి వచ్చాకే లోకానికి తెలిసింది. ఫేస్‌బుక్ వాటాల వెనుక రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ అనుబంధ సంస్థ ఇచ్చిన నిధులు ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది. ఆరేడేళ్ల పాటు ఆ కంపెనీలను వాడిన కోట్ల మందికి ఈ సంగతి తెలియకపోవడం మామూలు విషయమని నేను అనుకోలేను.

లెక్కల మాస్టారు

తుంగభద్ర గారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ తేదీలు చూడండి. 2011లో వీటీబీ మీద ఎలాంటి ఆంక్షలూ లేవు. 2007 నుంచి ఆ బ్యాంకు షేర్లు లండన్ మార్కెట్‌లో బహిరంగంగా చేతులు మారుతున్నాయి. లండన్‌లో పింఛను నిధులు కొనగలిగిన బ్యాంకు నుంచి మిల్నర్ సొమ్ము తీసుకుంటే అది నేరం ఎలా అవుతుంది? అమెరికా ఆంక్షలు వచ్చింది 2014లో, క్రిమియా ఆక్రమణ తర్వాత. ఆ బ్యాంకు చాలా మంది పెట్టుబడిదారుల్లో ఒకటనీ, దానికి ప్రత్యేక హక్కులేవీ ఇవ్వలేదనీ మిల్నర్ పక్షం చెప్పింది.

అసలు డీఎస్టీ పద్ధతి ఏమిటో కూడా చూడాలి. 2007లో మైక్రోసాఫ్ట్ ఫేస్‌బుక్‌కు 1,500 కోట్ల డాలర్ల విలువ కట్టింది. 2008 ఆర్థిక సంక్షోభంతో సిలికాన్ వ్యాలీ పెట్టుబడిదారులు చేతులు ముడుచుకు కూర్చున్నారు. ఆ సమయంలో మిల్నర్ 1,000 కోట్ల విలువ కట్టి వచ్చాడు. బోర్డులో స్థానం అడగలేదు. తన వాటాల ఓటు హక్కును జుకర్‌బర్గ్‌కే వదిలేశాడు. ఉద్యోగుల దగ్గరున్న షేర్లను కూడా కొంటానన్నాడు. కంపెనీ మార్కెట్‌లోకి రాకముందే ఉద్యోగుల చేతికి నగదు అందింది. సంస్థాపకుడికి పగ్గాలు వదిలేసి ఆలస్యంగా, పెద్ద మొత్తంలో పెట్టుబడి పెట్టే ఈ పద్ధతిని తర్వాత ప్రపంచమంతా అనుసరించింది. 2012 మేలో ఫేస్‌బుక్ మార్కెట్‌లోకి వచ్చేసరికి దాని విలువ 10,400 కోట్ల డాలర్లు. ఇందులో ఆ మనిషి చూపు లేదంటారా?

మన వైపు కూడా ఆ సొమ్ము వచ్చింది. విజయవాడ కుర్రవాడు శ్రీహర్ష మాజేటి సహ వ్యవస్థాపకుడిగా ఉన్న స్విగ్గీలో 2018లో 21 కోట్ల డాలర్ల పెట్టుబడికి దక్షిణాఫ్రికా సంస్థ నాస్పర్స్‌తో కలిసి ముందు నిలిచింది డీఎస్టీ గ్లోబలే. అంతకు ముందు ఫ్లిప్‌కార్ట్‌లోనూ పెట్టింది. దాని వల్ల స్విగ్గీ బిర్యానీ డబ్బాల మీద రష్యా ప్రభుత్వం పెత్తనం చేసిందా?

ఓరుగల్లు

ఇద్దరూ మిల్నర్ దగ్గరే ఆగిపోయారు. ఆయన పేరు తెచ్చుకున్నది బయటి దేశాల కంపెనీల్లో పెట్టిన పెట్టుబడులతో. 1999 నుంచి ఇజ్రాయెల్ పౌరుడు, 2022లో రష్యా పౌరసత్వం వదులుకున్నాడు. లోపల ఉన్నవాళ్ల మాట చూడండి.

పావెల్ దురోవ్ 2006లో వీకాంటాక్టే అనే సోషల్ నెట్‌వర్క్ మొదలుపెట్టాడు. 2011లో మాస్కో వీధుల్లో నిరసనలు జరుగుతున్నప్పుడు ప్రతిపక్ష గ్రూపులను మూసేయమంటే మూయలేదు. ఉక్రెయిన్‌లో అక్కడి ప్రభుత్వానికి వ్యతిరేకంగా జరిగిన మైదాన్ నిరసనల నిర్వాహకుల వివరాలు ఇవ్వమని భద్రతా సంస్థ అడిగితే ఇవ్వలేదని ఆయనే వెల్లడించాడు. 2014 ఏప్రిల్‌లో పదవి పోయింది, దేశం వదిలాడు. అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీ మొత్తం రష్యా ఇంటర్నెట్ సంస్థ మెయిల్.రూ చేతికి వెళ్లింది. మిల్నర్ 2012 దాకా అధ్యక్షుడిగా ఉన్న సంస్థే అది.

గ్రూప్-ఐబీ అనే సైబర్ భద్రతా సంస్థ పెట్టిన ఇల్యా సచ్కోవ్‌ను 2021 సెప్టెంబరులో అరెస్టు చేశారు. దేశద్రోహమన్నారు, 2023లో 14 ఏళ్ల శిక్ష వేశారు. రష్యాలో పెట్టుబడులు పెట్టే బేరింగ్ వొస్తోక్ నిధిని నడిపిన అమెరికన్ మైకేల్ కాల్వీని ఒక బ్యాంకు వాటాల తగాదాలో 2019 ఫిబ్రవరిలో జైల్లో పెట్టారు. 2021లో ఐదున్నరేళ్ల శిక్ష వేసి, అమలును నిలిపి ఉంచారు.

అక్కడ వ్యాపార తగాదా ఎప్పుడు క్రిమినల్ కేసు అవుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట ప్రతి పారిశ్రామికవేత్తా ప్రభుత్వానికి ఎందుకు ఎదురు నిలవలేదని మనం ఇక్కడ కూర్చుని అడగడం నాకు న్యాయంగా అనిపించదు.

తుంగభద్ర

ఓరుగల్లు గారూ, జైలుకు వెళ్లినవాళ్లను నేను ఒక్క మాటా అనను. కానీ జైలుకూ మౌనానికీ మధ్య చాలా మెట్లు ఉన్నాయి. రష్యా సెర్చ్ కంపెనీ యాండెక్స్ చరిత్రలో ఆ మెట్లన్నీ కనిపిస్తాయి.

అర్కాదీ వోలోజ్, ఇల్యా సెగలోవిచ్ అల్మటీలో బడి స్నేహితులు. 1997 సెప్టెంబరులో యాండెక్స్ వెతుకులాట సైటును బయటికి తెచ్చారు. రష్యన్‌లో ఒక మాటకు విభక్తులను బట్టి పది రూపాలుంటాయి. అన్ని రూపాలనూ పట్టుకుని వెతకగలగడం వాళ్ల గొప్పతనం. 2000లో రూ-నెట్ హోల్డింగ్స్ అనే పెట్టుబడి సంస్థ 52.8 లక్షల డాలర్లిచ్చి మూడో వంతుకు పైగా వాటా తీసుకుంది. అక్కడి దాకా ఇది ప్రతిభ కథే, నేను కాదనను. వాళ్ల భాషలో గూగుల్‌తో ఢీకొని సొంత దేశంలో నిలబడ్డ కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి.

తర్వాత మొదటి మెట్టు. 2009లో ఒక్క యూరోకు ప్రభుత్వ బ్యాంకు స్బెర్‌బ్యాంకుకు ప్రత్యేక షేరు ఇచ్చారు. కంపెనీలో నాలుగో వంతుకు మించిన వాటా ఎవరికైనా వెళ్లకుండా ఆపే అధికారం దాంతో ఆ బ్యాంకుకు వచ్చింది. 2011లో నాస్‌డాక్‌లో షేర్లు అమ్మి 130 కోట్ల డాలర్లు సమీకరించినప్పుడు కొన్నవాళ్లందరూ ఈ సంగతి తెలిసే కొన్నారు.

రెండో మెట్టు వార్తల పేజీ. 2017 జనవరి నుంచి అమలైన చట్టం ప్రకారం, రోజుకు పది లక్షల మందికి మించి చూసే వార్తా సంకలన సైట్లు తాము చూపే ప్రతి వార్తకూ బాధ్యత వహించాలి. ప్రభుత్వం దగ్గర నమోదైన మీడియా నుంచి తీసుకున్న వార్తలకు మాత్రం మినహాయింపు. యాండెక్స్ నమోదైనవాటికే పరిమితమైంది. మొదటి పేజీలోని ఐదు శీర్షికలే కోట్ల మందికి ఆ రోజు ప్రపంచం. 2022 మార్చిలో, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన వెంటనే, ఆ విభాగానికి ఒకప్పుడు అధిపతిగా పనిచేసిన లెవ్ గెర్షెన్‌జోన్ తన పాత సహోద్యోగులను బహిరంగంగానే నిలదీశాడు. జనం యుద్ధం ఉందనే తెలుసుకోలేకపోవడానికి ఆ పేజీ కారణమన్నాడు. ఆయన విదేశీయుడు కాదు, ఆ గదిలో కూర్చుని పనిచేసినవాడు. ఆ మాటకు విలువ ఇవ్వకుండా నేను ఉండలేను.

నీటిలో ఉప్పు కరిగినట్టు ప్రభుత్వం ఆ కంపెనీలో కలిసిపోయింది. ఏ రోజు కలిసిందని అడిగితే వేలుపెట్టి చూపలేం.

సాగరతీరం

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి వోలోజ్ వైపు మరో కోణం చెబుతాను. 2014లోనే ఆయన ఇజ్రాయెల్‌కు మారాడు. 2022 జూన్‌లో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించగానే యాండెక్స్ అధిపతి పదవికి రాజీనామా చేశాడు. 2023 ఆగస్టులో ఉక్రెయిన్ మీద దాడి అనాగరికమనీ, తాను దానికి పూర్తిగా వ్యతిరేకమనీ ప్రకటించాడు. దేశం చేస్తున్న పనుల్లో తన వంతు బాధ్యత ఉందని ఒప్పుకున్నాడు. పద్దెనిమిది నెలలు ఆలస్యమైందని మీరంటారు, అది నిజమే. ఈలోగా తన ఇంజనీర్లు కుటుంబాలతో దేశం దాటేందుకు సాయం చేశానని ఆయన చెప్పాడు. ముందే నోరు విప్పి ఉంటే ఆ కుటుంబాల గతి ఏమయ్యేది?

వెళ్లిపోవడానికి చెల్లించిన ధర చూడండి. స్నేహ దేశాలు కాని చోట్ల నమోదైన కంపెనీలు రష్యాలోని ఆస్తులను అమ్మాలంటే కనీసం సగం ధర తగ్గించాలని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. నెదర్లాండ్స్‌లో నమోదైన యాండెక్స్ మాతృసంస్థకూ అదే వర్తించింది. రష్యా వ్యాపారానికి 47,500 కోట్ల రూబుళ్లకు బేరం కుదిరి 2024 జూలైలో పూర్తయింది. పాతికేళ్లు కట్టిన వెతుకులాట, టాక్సీలు, మ్యాపులు అన్నీ అక్కడే మిగిలిపోయాయి. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా దాదాపు 1,300 మంది, ఫిన్లాండ్‌లో ఒక డేటా సెంటర్, కొన్ని చిన్న వ్యాపారాలు. వాటితోనే కృత్రిమ మేధ (ఏఐ) పనులకు కంప్యూటర్ల సామర్థ్యాన్ని అద్దెకిచ్చే నెబియస్ మొదలైంది. 2025 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ దానితో 1,740 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది.

తుంగభద్ర

సాగరతీరం గారూ, ఇంజనీర్ల మాట నన్ను ఆలోచింపజేసింది, ఆ బరువును తక్కువ చేయను. కానీ రష్యాలోని యాకూత్స్క్‌లో పుట్టిన టాక్సీ యాప్ ఇన్‌డ్రైవ్ అధినేత అర్సెన్ తోమ్‌స్కీ కూడా తన సిబ్బందిని బయటికి తీసుకెళ్లాడు, యుద్ధాన్ని ఖండించాడు కూడా. కాబట్టి రెండూ కలిసి సాధ్యం కావని అనలేం.

లెక్కల మాస్టారు

ఇన్‌డ్రైవ్ ప్రధాన కార్యాలయం అప్పటికే కాలిఫోర్నియాలో ఉంది. యాండెక్స్‌కు మాస్కోలో వేల మంది ఉద్యోగులు. రెండూ ఒకటి కావు.

అయినా తుంగభద్ర గారి మొదటి ప్రశ్నకు నా సమాధానం చెప్పాలి. అడగాలి, ఒప్పుకుంటాను. కానీ సొమ్ము చేతికి వచ్చేటప్పుడు అడగాలి, పది రెట్లు పెరిగాక కాదు. ట్విటర్ బోర్డు 2011లో నిధి వెనుక ఉన్నవాళ్ల జాబితా అడిగి ఉంటే వీటీబీ పేరు ఆ రోజే బయటపడేది. అప్పుడు నిర్ణయం ట్విటర్‌ది అయ్యేది. నిందలో సగం ఇప్పటికీ వాళ్లదే. రష్యన్ పేరున్న ప్రతివాడినీ అనుమానించే బదులు, సౌదీ నిధి అయినా చైనా నిధి అయినా అదే జాబితా అడిగే నియమం పెట్టమనండి, నేను మీ పక్కన నిలబడతాను.

తుంగభద్ర

ఆ నియమానికి నేను సిద్ధం. ఒక్క షరతు: ఆ జాబితా బోర్డు గదిలో ఆగకూడదు, కంపెనీ ఐపీఓకు వచ్చినప్పుడు షేరు కొనే సామాన్యుడి చేతికీ చేరాలి. 2013లో ట్విటర్ మార్కెట్‌లోకి వచ్చినప్పుడు షేరు కొన్నవాళ్లకు వీటీబీ సంగతి తెలిసే దారి లేదు.