పూల్‌లో పనికిరాని బట్టలు: చెప్పాల్సింది ఎవరు, దేని గురించి?

గట్టుమీద
పబ్లిక్ స్విమ్మింగ్ పూల్స్‌లో ఈతకి పనికిరాని బట్టలతో దిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కాటన్ టీషర్టు, మోకాళ్ళ దగ్గర కత్తిరించిన జీన్స్, షార్ట్స్ కింద డ్రాయరు, తడవగానే లోపలిదంతా కనపడే లెగ్గింగ్స్, వెనకవైపు పల్చబడిపోయిన పాత స్విమ్‌సూట్. ఎదురుపడితే పక్కన ఈదేవాళ్ళే చెప్పాలా, లైఫ్‌గార్డుకి చెప్పి ఊరుకోవాలా? చూసినవాళ్ళు నేరుగా చెప్పడమే సరైన పని అని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు కారణంతో రండి.

అలలు
అటు చూడటం మానేస్తే సరిపోతుంది కదా.

పంపుగది
చూపుల సంగతి తర్వాత. అసలు నష్టం నీళ్ళకి. పూల్ నీళ్ళు పంపులోకి వెళ్ళేముందు ఒక జల్లెడ బుట్ట ఉంటుంది. వెంట్రుకలు, నూగు అందులో ఆగాలి. కాటన్ నూగు విడివిడిగా ఆగదు, వెంట్రుకలతో పెనవేసుకుని అట్టగడుతుంది. బుట్ట పూడితే పంపుకి నీళ్ళందవు, గాలి లాగుతుంది, ప్రవాహం పడిపోతుంది. సన్నటి పోగులు బుట్టని దాటి ఇసుక ఫిల్టరు దాకా పోతాయి. శుభ్రంగా ఉన్నప్పటి ప్రెషర్ మీద 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ (ఫిల్టరులో నీళ్ళు వెనక్కి తిప్పి కడగడం) చెయ్యాల్సిందే. శుద్ధి చేసిన నీళ్ళు డ్రైనేజీ పాలు, వాటి బదులు పోసిన కొత్త నీళ్ళకి మళ్ళీ క్లోరిన్, మళ్ళీ పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) సర్దుబాటు.

ఇక వీధిలో తిరిగొచ్చిన బట్టలో చెమట, దుమ్ము, ఉతికిన డిటర్జెంట్ మిగులు ఉంటాయి. డిటర్జెంట్ నురగ తెస్తుంది, మిగతావి క్లోరిన్‌ని తినేస్తాయి. చెమటలో, మూత్రంలో ఉన్న నత్రజనితో క్లోరిన్ కలిస్తే క్లోరమైన్లు తయారవుతాయి. "క్లోరిన్ ఎక్కువ కొట్టారు" అని జనం తిట్టే ఆ వాసన, ఆ కళ్ళ మంట వాటివే. ఇలా వాటిలో కలిసిపోయిన క్లోరిన్‌ని, అంటే కంబైన్డ్ క్లోరిన్‌ని, 0.4 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 0.4) లోపే ఉంచాలి. కాబట్టి కాటన్ వద్దు. ఇందులో చర్చకేముంది?

రెండోవైపు
చర్చకి చాలా ఉంది. ఒళ్ళు కడుక్కోకుండా దూకేవాడి చెమట మాటేమిటి? ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే ఒంటిమీది మురికి చాలావరకు పోతుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఎప్పటినుంచో చెబుతోంది. ఆ నిమిషం ఎవరూ అడగరు, టీషర్టుని మాత్రం ఆపుతారు. షవర్ చెయ్యలేదన్నది కంటికి కనపడదు, టీషర్టు కనపడుతుంది. మీ బాధ నీళ్ళ గురించే అయితే కాపలా షవర్ల దగ్గర పెట్టండి.

పంపుగది
షవర్ కూడా కావాలి, ఎవరు కాదన్నారు? దానికీ నూగుకీ సంబంధం లేదు. షవర్ చేసినా కాటన్ కాటనే.

కుట్టుపని
గుడ్డ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రెండు సవరణలు.

ఒకటి, కాటన్లన్నీ ఒక్కలాగా నూగు రాల్చవు. పొట్టి పీచుతో వదులుగా వడికిన నూలు, కొత్త గుడ్డ, లోపల బ్రష్ చేసిన స్వెట్‌షర్టు రకం, ఇవి ఎక్కువ రాలుస్తాయి. జీన్స్ కత్తిరించి అంచు కుట్టకుండా వదిలేస్తే అక్కడ ఊడేవి నూగు కాదు, ఏకంగా దారాలు. పంపుగది గారి బుట్టకి అసలు శత్రువు అదే.

రెండు, పారదర్శకత. తెల్ల కాటన్ పొడిగా ఉన్నప్పుడు కనపడనిది తడిస్తే ఎందుకు కనపడుతుంది? పీచు వక్రీభవన గుణకం (వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.5, మధ్యలో ఉన్న గాలిది 1. ఆ తేడా వల్ల వెలుతురు చెల్లాచెదురై గుడ్డ తెల్లగా, మందంగా కనిపిస్తుంది. గాలి ఉన్న చోట నీళ్ళు చేరితే, నీటిది 1.33, తేడా తగ్గి వెలుతురు లోపలిదాకా దూసుకుపోతుంది. అందుకే అద్దం ముందు పొడిగా చూసుకుని "బాగానే ఉంది" అనుకుంటే లాభం లేదు. గుడ్డని తడిపి, రెండు చేతులతో ఒంటిమీద ఎంత సాగుతుందో అంత సాగదీసి, వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూడాలి. వేళ్ళ ఆకారం తెలిసిందంటే నీళ్ళలో అన్నీ తెలుస్తాయి. లేత రంగుదైతే లోపలి లైనింగ్ తెల్లది కాకుండా చర్మం రంగుది ఉండాలి.

పాత స్విమ్‌సూట్ సంగతి వేరు. మామూలుగా అందులో 80 శాతం నైలాన్, 20 శాతం ఎలాస్టేన్ (రబ్బరులా సాగే పోగు) ఉంటాయి. క్లోరిన్ ముందుగా దెబ్బకొట్టేది ఎలాస్టేన్‌ని. కూర్చునే చోట గుడ్డ జారుతుంది, తెల్లటి సన్నటి పోగులు బయటికి పొడుచుకొస్తాయి, తర్వాత ఆ భాగం వలలా అవుతుంది. వేసుకున్నవాళ్ళకి అది వెనకవైపు కాబట్టి తెలియదు. దిగేముందు మంచినీళ్ళలో తడిపితే గుడ్డ పీల్చుకునే క్లోరిన్ తగ్గుతుంది. పైకి రాగానే చల్లటి నీళ్ళలో జాడించి, మెలిపెట్టకుండా, నీడలో ఆరెయ్యాలి. వేడినీళ్ళు, సాఫ్ట్‌నర్ వద్దు. వారంలో చాలాసార్లు ఈదేవాళ్ళయితే ఎలాస్టేన్ లేని పాలిస్టర్, పీబీటీ (కాస్త సాగే ఒక రకం పాలిస్టర్) రకం తీసుకోవడం మేలు.

గట్టుమీద
అదే నేనంటున్నది. వాళ్ళకి తెలియదు కదా, మరి చెప్పాలా వద్దా?

నీలిటోపీ
ఎండ కోసం టీషర్టు వేసుకునేవాళ్ళ సంగతి? ఆరుబయట పూల్‌లో భుజాలు కాలిపోతాయి.

కుట్టుపని
నీలిటోపీ గారూ, మామూలు తెల్ల టీషర్టు యూపీఎఫ్ (గుడ్డ ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 5 నుంచి 7 దాకా ఉంటుంది, తడిస్తే ఇంకా పడిపోతుంది. ఎండ కోసమే అయితే యూపీఎఫ్ 50+ రాసి ఉన్న ర్యాష్‌గార్డు (ఈతకి కుట్టిన బిగుతు చొక్కా) కొనుక్కోవాలి. అది నూగు రాల్చదు, ఒంటికి అతుక్కుని ఉంటుంది.

పంపుగది
బరువు సంగతి కూడా ఉంది. తడిసిన కాటన్ మనిషిని ముంచేస్తుంది.

విజిల్
ముంచదండీ, ఈ మాట అందరూ అంటారు. గుడ్డ పీల్చిన నీళ్ళకి నీళ్ళలో బరువుండదు. అక్కడ ఇబ్బంది పెట్టేది లాగుడు, చెయ్యి వెనక్కి తిప్పేటప్పుడు గుడ్డ తెరచాపలా పట్టేస్తుంది. బరువు తెలిసేది చెయ్యి నీటిపైకి ఎత్తినప్పుడు, మెట్లు లేని చోట గట్టు పట్టుకుని పైకి లేచేటప్పుడు. ఈత బాగా రానివాడు అలసిపోయేది అక్కడే. వదులు బట్టతో ఇంకో ప్రమాదం అడుగున నీళ్ళు లాగే డ్రెయిన్ దగ్గర. మూత విరిగినా, పాతకాలపు చదును మూత అయినా జుట్టునీ నాడాలనీ లాగేస్తుంది. అమెరికా 2007లో డ్రెయిన్ మూతల మీద చట్టమే చేసింది.

గట్టుమీద గారి ప్రశ్నకి నా జవాబు: పక్కన ఈదేవాళ్ళు చెప్పొద్దు. ఒకే ఒక్క మినహాయింపు. జిప్పు ఊడింది, తాడు తెగింది, సూట్ పల్చబడింది, ఇలా ఆ మనిషికి తెలియనిది, తెలిస్తే వెంటనే సరిచేసుకునేది అయితే దగ్గరికెళ్ళి ఒక్క మాట చెప్పండి. వెనకనుంచి కాదు, ఎదురుగానూ కాదు, పక్కన నిలబడి, తువ్వాలు అందిస్తూ. "మీ సూట్ వెనక పల్చబడినట్టుంది" అంటే చాలు. "ఇలా వచ్చారేంటి" అనొద్దు.

తెలిసి వేసుకున్నదైతే సిబ్బందికి వదిలెయ్యండి. సిబ్బంది అంటే కుర్చీలో ఉన్న లైఫ్‌గార్డు కాదు. మా లైఫ్‌గార్డులకి 10/20 అని ఒక లెక్క ఉంది: తన భాగం మొత్తాన్ని 10 సెకన్లలో కళ్ళతో చుట్టెయ్యాలి, మునిగేవాడి దగ్గరికి 20 సెకన్లలో చేరాలి. గుడ్డ గురించి 2 నిమిషాలు వాదించే గార్డు ఆ 2 నిమిషాలూ నీళ్ళని చూడటం లేదు. తిట్లు తినేదీ మేమే, రేపు ఎవరైనా మునిగితే సంజాయిషీ చెప్పాల్సిందీ మేమే. కాబట్టి ఆపాల్సింది టికెట్ కౌంటర్ దగ్గర, మించితే షవర్ గది గుమ్మంలో. ఒళ్ళు తడిశాక, పదిమంది చూస్తుండగా ఎవరినైనా వెనక్కి పంపితే గొడవ ఖాయం. కౌంటర్లో నాలుగైదు సైజుల సూట్లు అద్దెకుండాలి. "వేసుకోవద్దు" అని ఊరుకోకుండా "ఇది వేసుకోండి" అని చేతికి ఇవ్వగలిగితే సగం వాదన పుట్టదు.

రెండోవైపు
విజిల్ గారు చెప్పింది బాగుంది. కానీ కౌంటర్లో కూర్చున్నవాళ్ళు ఏ నియమం చూసి ఆపుతారు? "తగిన దుస్తులు" అని రాసి ఉంటుంది బోర్డు మీద. తగినవి అంటే ఎవరికి?

ఇక్కడ లెక్క ఒకటి చూడండి. షార్ట్స్ కింద డ్రాయరు వేసుకుని దిగే మగవాళ్ళని ఎవరూ ఆపరు, నడుము దగ్గర ఎలాస్టిక్ పట్టీ బయటికి కనపడుతున్నా సరే. అది కాటనే కదా పంపుగది గారూ? రోజంతా ఒంటిమీద ఉన్నదే కదా? ఆడవాళ్ళ లెగ్గింగ్స్ దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఫిల్టరు గుర్తొస్తుంది.

పంపుగది
డ్రాయరు కూడా వద్దనే అంటాను. నేను ఆడా మగా అనలేదు, కాటన్ అన్నాను. పైగా డ్రాయరు విషయంలో నూగు చిన్న సమస్య. మలం ఆనవాళ్ళు నీళ్ళలో కలిస్తే, పీహెచ్ 7.5, క్లోరిన్ 1 పీపీఎం దగ్గర కడుపు పాడుచేసే క్రిముల్లో ఈ.కోలి నిమిషంలోపే చస్తుంది, జియార్డియాకి 45 నిమిషాలు పడుతుంది. క్రిప్టోస్పోరిడియం మాత్రం 10 రోజుల పైనే బతుకుతుంది. విరేచనాలున్నవాళ్ళు ఏ బట్ట వేసుకున్నా దిగకూడదు, పిల్లల స్విమ్ డైపరు కూడా దాన్ని ఆపలేదు.

అలలు
మాట ఎక్కడినుంచి ఎక్కడికి పోయింది!

గట్టుమీద
రెండోవైపు గారూ, మీరు ప్రతిదాన్నీ ఆడవాళ్ళ మీద కక్షలా చూస్తున్నారు. నేను రాసిన జాబితా మళ్ళీ చదవండి, డ్రాయరు మూడోది.

రెండోవైపు
చదివానండీ. అందుకే ఒక్క ప్రశ్న, అవునో కాదో చెప్పండి. నైలాన్, ఎలాస్టేన్, కొత్తది, తడిసినా కనపడదు, నూగు రాలదు, నాడాలు లేవు. కానీ చాలా చిన్నది. అది వేసుకుని వచ్చినవాళ్ళకి మీరు చెబుతారా, చెప్పరా?

గట్టుమీద
సందర్భాన్ని బట్టి.

రెండోవైపు
అవునో కాదో అడిగాను.

గట్టుమీద
చెబుతాను! ఏం తప్పు? పిల్లలతో వచ్చేవాళ్ళుంటారు, పెద్దవాళ్ళుంటారు. పబ్లిక్ పూల్ ఒకరి స్నానాలగది కాదు. అందరూ డబ్బు కట్టి వస్తారు, తలెత్తి చూడలేని పరిస్థితి ఎందుకుండాలి?

రెండోవైపు
అదీ సంగతి. ఇంతసేపూ ఫిల్టరు, నూగు అని మాట్లాడుకున్నది దీని చుట్టూ. మీకు ఇబ్బంది నీళ్ళతో కాదు, చూడాల్సి రావడంతో. ఆ మాట మొదటే రాసుంటే చర్చ వేరేలా ఉండేది. మీ ఇబ్బంది అబద్ధమని నేననడం లేదు. దాన్ని శుభ్రత పేరుతో చెప్పొద్దంటున్నాను. శుభ్రతని కొలవచ్చు, మీ ఇబ్బందిని కొలవడానికి టేపు లేదు.

ఆ పేరు ఎలా వాడుకుంటారో ఫ్రాన్స్ చూడండి. అక్కడి పూల్స్‌లో మగవాళ్ళ వదులు షార్ట్స్ కూడా శుభ్రత కారణంగానే వద్దంటారు, వీధిలో వేసుకుని వస్తారని. కొందరు ముస్లిం మహిళలు వేసుకునే, ఒళ్ళంతా కప్పే బుర్కినీ ఈత గుడ్డతోనే కుడతారు, అయినా గ్రెనోబుల్ నగరం 2022 మేలో అనుమతిస్తే, జూన్ 21న ఆ దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ అనుమతిని నిలిపివేసిన కింది కోర్టు ఆదేశాన్నే ఖాయం చేసింది. అదే న్యాయస్థానం 2016 ఆగస్టు 26న విల్నవ్-లూబే సముద్రతీరంలో బుర్కినీ నిషేధాన్ని ఆపేసింది. ఎక్కువ చూపిస్తే తప్పు, ఎక్కువ కప్పుకుంటే తప్పు. మధ్యలో ఉన్న ఆ సరైన కొలత ఎవరి దగ్గరుంది?

కుట్టుపని
ఇందులో ఒక తేడా ఉంది. 2016లో అడిగింది బీచ్‌లో శాంతిభద్రతలకి నిజంగా ముప్పుందా అని. 2022లో అడిగింది, ఒంటికి అతుక్కునే బట్టే వేసుకోవాలన్న నియమంలో కొందరి కోసం మినహాయింపు ఇస్తే మిగతావాళ్ళకి సమానంగా ఉన్నట్టా అని. రెండూ ఒకే తరాజులో వెయ్యకూడదు. గుడ్డ విషయంలో మాత్రం మీరన్నది నిజం, బుర్కినీది నైలాన్ లేదా పాలిస్టర్, ఎలాస్టేన్ కలిపిందే.

గట్టుమీద
బెర్లిన్‌లో 2023 నుంచి ఆడవాళ్ళు కూడా పైన ఏమీ లేకుండా ఈదొచ్చన్నారు. అక్కడిదాకా పోవాలా మనం?

రెండోవైపు
అక్కడ అన్నది కొత్త హక్కు ఇస్తున్నామని కాదు, ఉన్న నియమం అందరికీ ఒకటే అని. మగవాడికి ఆ ఇబ్బంది మీరు ఎప్పుడైనా ఎత్తారా? ఎత్తలేదు. నాకు కావాల్సిన జవాబు దొరికింది.

గట్టుమీద
మీతో మాట్లాడటం దండగ. ఇబ్బందిపడేవాళ్ళకి నోరే ఉండకూడదన్నమాట.

విజిల్
ఇద్దరూ కాస్త ఆగండి. గట్టుమీద గారి ఇబ్బంది ఫిర్యాదుగా వచ్చినా కౌంటర్లో నేను చెయ్యగలిగింది బోర్డు మీద ఉన్నదే. "అసభ్యం" అని రాస్తే ఒక్కో షిఫ్టులో ఒక్కో అర్థం, మధ్యాహ్నం వెనక్కి పంపినదాన్ని సాయంత్రం లోపలికి వదులుతారు. రాయాల్సింది ఇలా: ఈత కోసం కుట్టిన బట్ట మాత్రమే, కాటన్, డెనిమ్ వద్దు. స్విమ్‌వేర్ కింద లోదుస్తులు వద్దు. వేలాడే నాడాలు, లోహపు జిప్పులు వద్దు. తడిసినా లోపలి భాగాలు కనపడకూడదు, మర్మాంగాలు కప్పి ఉండాలి. దిగేముందు షవర్. ఇవన్నీ ఎవరు చూసినా ఒకేలా తేలతాయి. పక్కన బొమ్మలు వెయ్యండి, ఆడా మగా రెండు రకాల బొమ్మలూ. నిడివి గురించి ఒక్క ముక్క కూడా నేను రాయను, ఎందుకంటే గుమ్మంలో నిలబడి అంగుళాలు కొలిచే పని ఏ ఉద్యోగి చేతికీ ఇవ్వకూడదు.

గట్టుమీద
అయితే నిడివి గురించి ఫిర్యాదు వస్తే?

విజిల్
బోర్డు చూపిస్తాను. అందులో ఉంటే ఆపుతాను, లేకపోతే ఆపను. మీకది నచ్చకపోవచ్చు.

గట్టుమీద
నచ్చలేదు. నిడివి కూడా బోర్డు మీద ఉండాలనే అంటాను.

నీలిటోపీ
65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్ టీషర్టుకి ఓకేనా?

కుట్టుపని
నూగు తక్కువే, తడిస్తే లాగుడు మాత్రం ఉంటుంది. వదులుగా లేకపోతే పెద్ద నష్టం లేదు.

పంపుగది
35 శాతమైనా కాటనే కదండీ.