క్యూరియో బేలో రాయిగా మారిన అడవి: ఏ వేళకి వెళ్లాలి?

సోంపేట సైన్స్ టీచర్:
మా చెల్లెలు న్యూజిలాండ్‌లో, డునెడిన్‌లో ఉంటోంది. జనవరిలో వెళ్తున్నాను. దక్షిణపు కొసన కాట్లిన్స్ తీరంలో క్యూరియో బే చూడాలని ఎప్పటినుంచో కోరిక. అక్కడి శిలాజాల ఫొటోలు తీసి మా తొమ్మిదో తరగతి పిల్లలకి చూపిస్తాను. ఏ వేళకి వెళ్తే బాగా కనిపిస్తాయి? చిన్న ముక్క తెచ్చుకోవచ్చా?

కళింగపట్నం వాసి, ప్రస్తుతం న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్:
మాస్టారూ, సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడే వెళ్లండి, పోటు వేళ అన్నీ మునిగిపోతాయి. అది జురాసిక్ కాలం నాటి అడవి. అగ్నిపర్వతాల బూడిద కలిసిన బురద వరద చెట్లను కప్పేస్తే, నీటిలోని సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) చెక్కలోకి ఇంకి రాయి చేసింది. మొదళ్లు ఉన్నచోటే ఉన్నాయి. పడిపోయిన దుంగ మీదకి వంగి చూడండి, కొన్నిటికి చెట్టు ఏటా వేసుకునే వలయాలు కూడా తెలుస్తాయి. ముక్క మాత్రం తియ్యొద్దు, చట్టం ఒప్పుకోదు.

సాయంత్రమైతే ఇంకా జాగ్రత్త. పసుపు కళ్ల పెంగ్విన్లు ఆ రాళ్ల మీదుగానే గూళ్లకు వెళ్తాయి. మనం దారికి అడ్డుంటే ఒడ్డెక్కవు, గూళ్లలోని వాటి పిల్లలు ఆకలితో ఉండిపోతాయి. మన తీరంలో గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు టార్చి వెలుగుకి వెనుదిరిగినట్టే.

పలాస నుంచి:
అదే తీరంలోని వైపాపా పాయింట్ లైట్‌హౌస్ వదలకండి. 1881లో టరారువా ఓడ అక్కడి రాళ్లకు తగిలి 131 మంది చనిపోయారు. 1884లో గానీ ఆ దీపం వెలగలేదు. వలస వచ్చినవాళ్లు రిము అనే అక్కడి కలప చెట్లు కొట్టి సామిల్లులు నడిపిన ప్రాంతమే కాట్లిన్స్ అంతా.

సోంపేట సైన్స్ టీచర్:
చాలా థాంక్స్. పక్కనే పోర్పాయిస్ బేలో హెక్టర్ డాల్ఫిన్లు జనవరిలో ఉంటాయా?

కళింగపట్నం వాసి:
ఉంటాయి మాస్టారూ, అక్కడ అది ఎండాకాలం. ఒడ్డు నుంచే చూడండి.