గ్రామ సచివాలయ సిబ్బందిలో హుషారు తగ్గింది పై అధికారి వల్లా, వ్యవస్థ వల్లా?

పాతఫైలు:
ఆంధ్రలో గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. అంతటా దాదాపు ఒకే తరహా పోస్టులు, అవే జీతాలు. అయినా ఒక మండలంలో పని పరుగెడుతుంది, పక్క మండలంలో ఈడుస్తుంది. తేడా ఎంపీడీవో (మండల అభివృద్ధి అధికారి) తీరులోనే ఉంది. సాయంత్రం టెలికాన్ఫరెన్స్‌లో ఎవరి పని ఎంత పూర్తయిందో చూపే శాతాల పట్టిక తెరిచి, అడుగునున్న సచివాలయం పేరు చదివి చీవాట్లు పెడితే అర్జీని ‘పరిష్కారమైంది’ అని మూసేస్తారు. కొన్నాళ్లకే అది రీఓపెన్ అవుతుంది. అదే ‘ఎక్కడ ఆగింది?’ అని అడిగితే, కులధ్రువపత్రం వీఆర్వో దగ్గరుందా, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) లాగిన్‌లో ఉందా తేలుతుంది. తహసీల్దారుకు ఒక్క ఫోన్‌తో కదులుతుంది.

గట్టుమీద_గోపి:
టెలికాన్ఫరెన్స్ ఆపేస్తే హుషారు పొంగుతుందా? రెండేళ్లకు ఖరారు కావాల్సిన ప్రొబేషన్ 2022 మధ్యదాకా సాగింది. అప్పటిదాకా జీతం నెలకు 15,000. ఏ ఎంపీడీవో చిరునవ్వు దాన్ని పూడుస్తుందండీ? పైగా ఎంపీడీవోతో పాటు సర్వేయరుకు సర్వే శాఖ, ఏఎన్ఎంకు వైద్యశాఖ కూడా పైనుంటాయి. ఒకేరోజు రెండు శాఖలు పని పురమాయిస్తే ఎవరి మాట వినాలి?

చింతచెట్టు:
ఒకటో తారీఖున సిబ్బంది ఇంటింటికీ పంచే పింఛన్లూ కలపండి :)

పాతఫైలు:
ఆపమని నేనెక్కడన్నాను? పది నిమిషాలు చాలు అంటున్నా. ఏ పని ముందో ఎంపీడీవో కాగితం మీద తేల్చాలి. తేల్చకపోతే ఇద్దరి తిట్లూ కిందివాడికే. అదీ తీరే కదా?

గట్టుమీద_గోపి:
సర్వే శాఖ దగ్గర ఎంపీడీవో కాగితం ఎక్కడ చెల్లింది?

డిజిటల్_దాసు:
పింఛన్ల సంగతి చెప్తా. ముందురోజే బ్యాంకులో నగదు తీస్తారు. ముసలివాళ్ల వేలిముద్రలు అరిగి పడవు, ఇంకో పద్ధతిలో గుర్తించాలి, అక్కడ సిగ్నల్ ఉండదు. గంటగంటకూ శాతం అడిగితే సిబ్బంది ఊరి నడుమ ఇళ్లే ముందు చుట్టేస్తారు. మంచంలో ఉన్నవాళ్లు, దూరపు తండాలు చివరికి మిగులుతాయి. పట్టికలో మాత్రం పదిగంటలకే భేష్!

పాతఫైలు:
నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే. గోపిగారికి ప్రొబేషన్ తప్ప వేరే గోడు లేదు.

గట్టుమీద_గోపి:
మీరేమో అధికారి మంచివాడైతే చాలు, అన్నీ సర్దుకుంటాయంటారు. సూటిగా అడుగుతున్నా. ‘ఈ అర్జీదారుకు అర్హత లేదు, కారణమిది’ అని సచివాలయ సహాయకుడు తిప్పి పంపితే, పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మీ మంచి అధికారి ఆ రాతకు అండగా నిలుస్తాడా?

పాతఫైలు:
పత్రాలు జతచేస్తే నిలవాలి. ఊరికే తిప్పి పంపనిస్తే సగం అర్జీలు వెనక్కే పోతాయి.

గట్టుమీద_గోపి:
ఆ పత్రాలు చాలో చాలవో చెప్పేది మళ్లీ ఆయనేగా!

చింతచెట్టు:
ఇప్పుడు దారిలోకొచ్చారు. ఇందాకటి నుంచీ టెలికాన్ఫరెన్స్ అని ఊదరగొట్టారు ఇద్దరూ.