ధాన్యం కలపకుండా చిక్కటి సూప్ చేయడం ఎలా?

వైద్యుల సూచన మేరకు మా అమ్మగారికి బియ్యం, గోధుమ, మొక్కజొన్నలతో పాటు జొన్న, రాగి వంటివి కూడా కొంతకాలం పూర్తిగా మానిపించవలసి వచ్చింది. పప్పుల్లో పెసరపప్పుకు మాత్రమే, అదీ కొద్దిగా, అనుమతి ఉంది. నలతగా ఉన్నప్పుడల్లా మిరియాలు, జీలకర్ర వేసిన బియ్యపు జావ తాగడం ఆమెకు చిన్ననాటి నుంచీ అలవాటు కనుక, దానికి బదులుగా రాత్రిపూట వేడిగా, కడుపు నిండినట్టు అనిపించే సూప్ ఇవ్వాలనుకుంటున్నాను.

సొరకాయ, టమాటా ఉడికించి రుబ్బితే రుచి బాగానే ఉంటోంది గాని, చిక్కదనానికి మొక్కజొన్న పిండి కలపడానికి వీల్లేకపోవడంతో కాసేపటికే నీరు, గుజ్జు వేరవుతున్నాయి. తీపి గుమ్మడికాయతో ఆ ఇబ్బంది లేదు, కానీ సూప్‌లో తీపి ఆమెకు అసలు సహించదు (నాకూ అంతే). కంద, చేమదుంప, బంగాళాదుంపలలో ఏది వేస్తే జిగురు లేకుండా చిక్కబడుతుంది? కొబ్బరిపాలు విరగకుండా ఉండాలంటే ఎప్పుడు పోయాలి?

బజారులో దొరికే ఇంగువ పొడిలో సాధారణంగా గోధుమ పిండో బియ్యప్పిండో కలుపుతారు కాబట్టి దానినీ పక్కన పెట్టాను. అల్లం, వెల్లుల్లి కాకుండా ఆ ఘాటును తెచ్చే పోపు ఏదైనా ఉంటే, కొలతలతో సహా దయచేసి తెలియజేయగలరు.