కంబాలకొండ అడవిదారిలోకి ఆరేళ్ల పిల్లని తీసుకెళ్లడం తప్పా?

మద్దిలపాలెం కోడలు:
మొన్న ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ మా విశాఖ పక్కనున్న కంబాలకొండ వెళ్లాం. మా ఆరేళ్ల పాప, అత్తయ్యగారు, మరిది, ఒక గిన్నెడు పులిహోర. టికెట్లు తీసుకుని, నడవమన్న దారిలోనే నడిచాం. ఎదురుగా కెమెరాతో వస్తున్న ఆయన "ఇది పార్కు కాదమ్మా, అభయారణ్యం. చిన్నపిల్లల్ని తీసుకురాకండి" అన్నాడు. పాప మొహం ఇంతైపోయింది. పిల్లలకి అడవి చూపించడం కూడా తప్పేనా?

గువ్వలగూడు:
ఆయన నేను కాదు గానీ, ఆ మాట నేనూ అనేవాణ్ణే. చీకటితో లేచి వచ్చి పొదల దగ్గర గంటసేపు కదలకుండా కూర్చుంటే ఎప్పటికో ఓ పిట్ట బయటికొస్తుంది. ఒక్క కేకతో అంతా పోతుంది. 70 చదరపు కిలోమీటర్ల అడవి అని గొప్పగా చెప్పుకుంటాం. ఓ పక్క హైవే, తక్కిన పక్కలకి ఊరు పెరుగుతూనే ఉంది. 2014లో హుద్‌హుద్ తుపాను చెట్లని పడగొట్టి వెళ్లింది. కేకలకి బీచ్ రోడ్డు ఉంది కదా.

తిరుపతి తమ్ముడు:
అక్కా, పిట్టల సంగతి వదిలెయ్. 2023 ఆగస్టులో మా అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 12 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక మెట్లెక్కనివ్వలేదు. కంబాలకొండలోనూ చిరుతలున్నాయి. మీ పాపదీ ఆరేళ్లే అంటున్నావు.

మద్దిలపాలెం కోడలు:
అది చదివి ఆ రోజు నాకు అన్నం దిగలేదు తమ్ముడూ. కానీ అది రాత్రిపూట జరిగింది. మేం ఎనిమిదింటికి వెళ్లి పదకొండుకల్లా బయటికొచ్చేశాం. పాప నా చెయ్యి వదల్లేదు.

శంభువానిపాలెం మనవడు:
మా అమ్మమ్మ వాళ్లది ఆ అడవి పక్క ఊరే. చిన్నప్పుడు సెలవులకెళ్తే మేకల ఎనకాల ఆ కొండల్లోనే తిరిగేవోళ్లం. మాకు ఒయసెంత అని ఎవడడిగాడు? పిల్లల్ని మానిపించేస్తే రేపు ఆ అడవి కొట్టేస్తామంటే అడ్డుపడేదెవులు? కాపోతే ఒకటి సెప్పాల. తిని పారేసిన దానికి కుక్కలొస్తాయి, కుక్కల కోసం సిరుత దిగుతాది. పులిహోర ఏటి సేసారు?

గువ్వలగూడు:
మంచి ప్రశ్న. అభయారణ్యంలో చెత్త వెయ్యకూడదని 1972 వన్యప్రాణి చట్టంలోనే ఉంది, సెక్షన్ 27(4). ఇంకోటి, ఆరేళ్ల పాప నోరెత్తినందుకే ఆయన అంత మాట అన్నాడంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. మీరు చెప్పంది ఏదో ఉంది.

మద్దిలపాలెం కోడలు:
ఉంది. మా మరిది బ్లూటూత్ స్పీకరు పెట్టాడు. ఆయన వచ్చేసరికి రెండో పాట నడుస్తోంది. కానీ తిట్లు తిన్నది పిల్ల! పాప అప్పటికి చెదల పుట్ట దగ్గర కూర్చుని గుసగుసగా మాట్లాడుతోంది, పాము వింటుందని.
పులిహోర అక్కడే తిన్నాం, విస్తరాకులు మూటగట్టి ఇంటికే తెచ్చాం. అన్నం మెతుకులు మాత్రం కింద పడ్డాయి, కాదనను.

గువ్వలగూడు:
అయితే పాపకి నా తరఫున సారీ చెప్పండి. వయసు మాట వెనక్కి తీసుకుంటున్నా. స్పీకరు మాట మాత్రం తీసుకోను.

శంభువానిపాలెం మనవడు:
గేటుకాడ సంచులు ఎతికినోళ్లు స్పీకర్లు కూడా లాక్కోవాల.

మద్దిలపాలెం కోడలు:
కార్తీకంలో మళ్లీ వెళ్తాం. ఈసారి పులిహోర గేటు బయటే. మరిదికి ఎవరు చెప్తారన్నదే తేలలేదు, అత్తయ్యగారి ముద్దుల కొడుకు.